ప్రశ్నయందు దాగిన సమాధానము

పోలీసు ఠాణాలో వ్రాయబడిన సాక్షి వాఙ్మూలమును ఎప్పుడైన చదివినవారికి ఒక విషయము స్ఫురించియుండును. సాక్షి తన పేరును, ఊరును, వృత్తిని చెప్పుకొని, ఫలానా దినమున సాయంకాలము తాను బజారునుండి ఇంటికి వచ్చుచుండగా చూచినదానిని తడబాటు లేక, సందేహము లేక, మొదటినుండి తుదివరకు ఏకధారగా నివేదించినట్లు అందు కనబడును. లోకమున ఏ మనుష్యుడును అట్లు మాటలాడడు. ఎదుట కూర్చున్న అధికారి ఒక్కొక్కటిగా ప్రశ్నించుచుండగా, సాక్షి కొన్నింటికి వెంటనే బదులు చెప్పి, కొన్నింటికి ఆలోచనలో పడి, కొన్నింటికి "ఏమోనండీ, సరిగా చూడలేదు" అని ఊరకుండగా, ఆ తునుకలన్నింటిని ఏరి, తన భాషలో కూర్చి, అధికారియే వ్రాసినది ఆ కథనము. అందు సమాధానములు మిగిలినవి, ప్రశ్నలు మాయమైనవి. సాక్షిచేత దానిపై సంతకము చేయింపరాదని శాసనమే నిర్దేశించినందున, అందలి మాటలలో సాక్షివి ఎన్ని, వ్రాసినవానివి ఎన్ని అను విచికిత్స న్యాయస్థానమున అడ్డుప్రశ్నల వేళగాని తలయెత్తదు. అప్పటికి ఏండ్లు గడచియుండును.

ఆ మాయమైన ప్రశ్నలే ఈ అధ్యాయమునకు విషయము. మనశ్శాస్త్రజ్ఞులు గడచిన నూరేండ్లలో ప్రయోగశాలలయందును, ఠాణాలయందును పరిశీలించి తేల్చినదానిని ఒక్క వాక్యమున చెప్పవలెనన్న, అడుగువాడు ముందే ఒక నిశ్చయమునకు వచ్చియున్నయెడల ఆ నిశ్చయము సాక్షి విషయమున జ్ఞాపకములోనికిని, అనుమానితుని విషయమున సంకల్పములోనికిని ప్రశ్న వెంట ప్రవేశించి, కొంతసేపటికి వారి నోట వారి మాటగానే వెలువడును. ఇది దుష్టులైన అధికారులకు మాత్రమే చెందిన దోషము కాదు. నిజాయితీపరుడును, కార్యదీక్ష గలవాడును అయిన దర్యాప్తు అధికారియే తరచుగా ఇందు చిక్కుకొనును; ఏలయన తాను సత్యమును కనుగొంటినను విశ్వాసము అతనియందే బలముగా ఉండును.

కన్నది కన్నట్లు మనస్సున నిలిచియుండి, అడిగినప్పుడు బయటికి వచ్చునని లోకుల నమ్మకము. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ బార్ట్‌లెట్, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ నొకదానిని ఆంగ్లేయులచేత చదివించి, కొన్నాళ్ళకును కొన్ని మాసములకును మరల చెప్పించి, ఆ నమ్మకము ఎంత బలహీనమో 1932లో ప్రకటించిన తన గ్రంథమున చూపెను. చెప్పిన ప్రతివారును కథలో తమకు వింతగా తోచిన భాగములను విడిచి, విడిచినచోట తమ దేశమున సహజమైన వానిని చేర్చి, అట్లు చేర్చితిమన్న ఎరుక లేకయే, ఇదియే తాము చదివిన కథయని చెప్పిరి. జ్ఞాపకము చేసికొనుట అనగా మిగిలిన శకలములతో మరల ఒకసారి నిర్మించుట. ఆ నిర్మాణ సమయమున చేతికి అందిన ప్రతి వస్తువును అందులో ఇమిడిపోవచ్చును.

ఆ చేతికందు వస్తువులలో ప్రశ్నయందలి క్రియాపదము కూడ ఒకటి యని ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను ఇరువురు 1974లో నిరూపించిరి. మోటారుకార్లు ఢీకొన్న చలనచిత్రములను 45 మంది విద్యార్థులకు చూపి, కార్లు ఎంత వేగముతో పోవుచుండినవని అడుగుచు, ఆ ప్రశ్నలో ఒక్క మాటను మాత్రము మార్చిరి: కొందరిని కార్లు నుజ్జునుజ్జుగా గుద్దుకొన్నప్పుడు అనియు, కొందరిని ఒకదానినొకటి తాకినప్పుడు అనియు అడిగిరి. మొదటివారు చెప్పిన వేగము సగటున గంటకు 40 మైళ్ళకు మించెను. తాకినవని మాత్రమే విన్నవారిది 32 మైళ్ళకు లోపుగానే ఉండెను. ఇంతటితో ఆగినచో, అంకెను ఊహించుటలో మాట ప్రభావము ఉండుట సహజమే యని సరిపెట్టుకొనవచ్చును. కాని వారు మరి 150 మందితో రెండవ ప్రయోగము చేసి, వారము దినముల తరువాత అందరిని పిలిపించి, పగిలిన గాజుపెంకులు మీకు కనబడినవా అని అడిగిరి. చిత్రమున గాజుపెంకు ఒక్కటియు లేదు. తీవ్రమైన క్రియాపదమును విన్న 50 మందిలో 16 మంది చూచితిమనిరి. సాధారణమైన పదమును విన్న 50 మందిలో ఏడుగురు మాత్రమే చూచితిమనిరి. వారము క్రితము విన్న ఒక్క క్రియాపదము, కంటితో చూడని గాజును కంటికి చూపినది. ఆ 16 మందిలో అబద్ధమాడవలెనని తలచినవారు ఎవ్వరును లేరు. వారిచేత ప్రమాణము చేయించినను అదే చెప్పియుందురు.

తోడి సాక్షుల మాటయు ఇట్లే పనిచేయును. ఒకే సంఘటనను వేర్వేరు కోణములనుండి తీసిన చిత్రములుగా ఇరువురికి చూపి, తరువాత వారిని మాటలాడుకొననిచ్చి, పిమ్మట విడివిడిగా అడిగినచో, అట్లు మాటలాడుకొన్నవారిలో 71 శాతము తాము చూడజాలని వివరమును, ఎదుటివారినుండి విన్నదానిని, తామే చూచినట్లు చెప్పిరని స్కాట్లండులో ఫియోనా గాబర్ట్ మున్నగువారు 2003లో ప్రకటించిరి. మన పల్లెలలో ఇన్‌స్పెక్టరు జీపు దిగు వేళకు రచ్చబండ దగ్గర ఎంత చర్చ జరిగియుండునో ఎరిగినవారికి ఈ అంకె ఆశ్చర్యము గొలుపదు. అందువలననే సాక్షులను వెనువెంటనే విడదీసి, వేర్వేరుగా, తొందరగా వినుట దర్యాప్తులో ప్రథమ కర్తవ్యము.

వినుట యంటిని. ఠాణాలలో వినుట చాల అరుదైన పని. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున డిటెక్టివులు సాక్షులతో జరిపిన సంభాషణల టేపులను 1980 దశకమున రొనాల్డ్ ఫిషర్ పరిశీలించగా, "ఏమి జరిగినదో చెప్పుము" అని అడిగిన తరువాత సాక్షి నోరు తెరచిన సగటున ఏడున్నర సెకనులకే అధికారి అడ్డము వచ్చి మరియొక ప్రశ్న వేయుచున్నట్లు తేలెను. అట్లు రెండు మూడు సార్లు అయినపిమ్మట సాక్షికి తన పాత్ర యేదో అర్థమగును: తాను చెప్పవలసినవాడు కాడు, అడిగినదానికి పొట్టిగా బదులు పలుకవలసినవాడు. అంతటితో జ్ఞాపకమును తవ్వు ప్రయత్నమును మానుకొని, ప్రశ్నకొరకు ఎదురుచూచుచు కూర్చుండును. అధికారికి ఏ ప్రశ్నలు తోచునో ఆ సమాధానములే లభించును. ఆయనకు తోచనిది, సాక్షి కన్నులార చూచినదియైనను, కాగితమునకు ఎక్కదు.

ఫిషర్, ఎడ్వర్డ్ గైసెల్‌మన్ కలిసి ఈ లోపమును తీర్చుటకు ఒక పద్ధతిని నిర్మించిరి. స్మృతిశాస్త్రమున అప్పటికి స్థిరపడిన విషయములనే వారు ఠాణాకు తెచ్చిరి. నేర్చుకొన్న పరిసరములలోనే జ్ఞాపకము సులభముగా వచ్చుననుట అందొకటి. స్కాట్లండు సముద్రతీరమున గాడెన్, బాడ్లీ అను పరిశోధకులు 1975లో నీటిలో మునుగు ఈతగాండ్రచేత నీటి అడుగున కొన్ని పదములను, గట్టుపై కొన్ని పదములను నేర్పించి పరీక్షించినప్పుడు, నీటిలో నేర్చినవి నీటిలోను, గట్టున నేర్చినవి గట్టునను ఎక్కువగా గుర్తునకు వచ్చెను. కావున సాక్షిని ఆ చోటికి మనస్సులో మరల కొనిపోవలెను: కన్నులు మూసికొన నిచ్చి, ఆనాటి వెలుతురు ఎట్లుండెను, ఏ వాసన వచ్చుచుండెను, తానప్పుడు దేనిని గూర్చి ఆలోచించుచుండెను, కాలికింద నేల ఎట్టిది అని నెమ్మదిగా గుర్తు తెచ్చుకొననీయవలెను. పిమ్మట ముఖ్యమైనదియో కాదో తాను నిర్ణయింపక తోచిన ప్రతి చిన్న సంగతిని చెప్పుమని కోరవలెను. ఏలయన కేసునకు ఏది ముఖ్యమో సాక్షికి తెలియదు. ఒకసారి చెప్పినదానిని చివరనుండి వెనుకకు చెప్పించుట, మరియొకరు నిలుచున్న చోటునుండి ఏమి కనబడియుండునో ఆలోచింపజేయుట కూడ ఇందున్నవి గాని, ఈ చివరిదియందు ఊహ ప్రవేశించు ప్రమాదము కలదని నా అభిప్రాయము. దానిని మితముగా వాడుటయే మేలు. వీనియన్నిటికన్న మౌనము ముఖ్యము. సాక్షి ఆగినప్పుడు అధికారియు ఆగవలెను. ఆ నిశ్శబ్దములోనే తరువాతి సంగతి పైకి వచ్చును. మయామీ ప్రాంతపు డిటెక్టివులకు ఈ పద్ధతిని నేర్పి, వాస్తవమైన కేసులలో పరీక్షింపగా, శిక్షణకు పూర్వము కన్న వారు 47 శాతము ఎక్కువ సమాచారమును రాబట్టిరని 1989లో ప్రకటితమైనది. సమయము కొంత ఎక్కువ పట్టును. పని ఒత్తిడిలో మునిగిన మన సబ్ఇన్‌స్పెక్టరునకు ఆ సమయమే దుర్లభమన్న మాటను నేను తోసిపుచ్చను. కాని తప్పుదారి పట్టిన దర్యాప్తు తినివేయు కాలముతో పోల్చిచూడవలెను.

అనుమానితులను వరుసగా నిలిపి గుర్తింపజేయు వేళ ఒక్క పొగడ్త ఎంత పనిచేయునో గ్యారీ వెల్స్, ఆమీ బ్రాడ్‌ఫీల్డ్ 1998లో చూపిరి. అసలు దోషి లేని వరుసలోనుండి తప్పుగా ఒకనిని ఎన్నుకొన్నవారితో, మీరు అనుమానితునే సరిగా గుర్తించితిరని ఊరక అనగానే, వారి ధైర్యము పెరుగుట యటుండగా, ఆనాడు ఆ ముఖమును చక్కగా చూచితిమనియు, ఎక్కువసేపు శ్రద్ధగా చూచితిమనియు వారు చెప్పసాగిరి. న్యాయమూర్తి ఎదుట కనబడు దృఢనిశ్చయము కొన్ని వేళల ఠాణాలో పుట్టినదే.

ఇక అనుమానితుని మాట. ఇందు తెలుగుదేశమునకు స్వంతమైన చరిత్ర కలదు. 1937 మార్చిలో పూరీ రైల్వేస్టేషనున మూడవ తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకు దొరకగా, అందు ఖండితమైన మానవదేహము కనబడెను. మృతుడు పిఠాపురము దివాను కొలువున నౌకరుగా ఉండినవాడు. అనుమానితుడు అరెస్టునకు పూర్వము పోలీసులతో, అతడు తన యింటికి వచ్చి, రాత్రి నిదురించి, మరునాడు రైలెక్కి పోయెనని మాత్రమే చెప్పెను. లండనులోని ప్రీవీ కౌన్సిలున 1939లో లార్డ్ అట్కిన్, నేరమునుగాని నేరమునకు మూలమైన దాదాపు అన్ని సంగతులనుగాని స్పష్టముగా ఒప్పుకొన్నదే నేరాంగీకారమగును గాని ఇట్టి మాట కాదని నిర్వచించి, అయినను అది దర్యాప్తులో పోలీసులకు చెప్పినది గావున సాక్ష్యమునకు పనికిరాదని తీర్పు చెప్పెను. ఇతర సాక్ష్యము చాలినందున శిక్ష నిలిచెను. ఆ నిర్వచనమునే మన న్యాయస్థానములు నేటికిని తలచుచున్నవి.

పోలీసులతో చెప్పిన మాటను శాసనము ఇంతగా శంకించుటకు కారణము కలదు. మద్రాసు రాజధానిలో, అనగా మన సర్కారు, సీడెడ్ జిల్లాలతో సహా, పన్నులు వసూలు చేయుటకును నేరములు ఒప్పించుటకును ప్రజలను చిత్రహింసలు పెట్టుచున్నారను ఫిర్యాదులపై నియమింపబడిన సంఘము 1855లో సమర్పించిన నివేదిక ఆ యాచారము విస్తృతముగా ఉన్నదని ధ్రువపరచినది. 1861 నాటి నేరవిచారణ విధాన చట్టమునను, తరువాత 1872 నాటి సాక్ష్యచట్టమునను పోలీసు అధికారితో చెప్పిన నేరాంగీకారమును ముద్దాయికి ప్రతికూలముగా రుజువు చేయరాదన్న నియమము వెలసినది. ఆ సాక్ష్యచట్టమును రచించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, హింసకు మూలము క్రౌర్యము కన్న సోమరితనమే యని ఒక అనుభవజ్ఞుడైన అధికారి తనకు చెప్పినట్లు వ్రాసియుండెను: ఎండలో తిరిగి సాక్ష్యము వెదకుట కన్న నీడపట్టున కూర్చుండి ఒకని నేడిపించుట సులువు. కాని అదే చట్టమున 27వ సెక్షను, ముద్దాయి చెప్పగా ఏదైన వస్తువు దొరకినచో అంతమేరకు ఆ మాటను అంగీకరించినది. గుంటూరు సెషన్సు కోర్టునుండి లండను వరకు పోయిన ఒక హత్యకేసులో ప్రీవీ కౌన్సిలు 1946లో ఆ యంతమేరకు అను పదమునకు గట్టి హద్దు గీయవలసి వచ్చెను. మధ్యవర్తుల సమక్షమున ముద్దాయి చూపగా కత్తిని స్వాధీనము చేసికొంటిమని నేటి చార్జిషీటులలో కనబడు వాక్యము ఆ సెక్షనునుండి పుట్టినదే. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షనున ఆ నిషేధమును, ఆ మినహాయింపును రెండును కలిసియున్నవి.

ఇంతవరకు శాసనము చేసినది నిషేధము. ఏది నమ్మరాదో అది చెప్పినది. ఎట్లు అడుగవలెనో ఎవ్వరును నేర్పలేదు. ఇదియే మనకు మిగిలిన వెలితి యని నేను గట్టిగా భావించుచున్నాను. ఏలయన దెబ్బ లేకయే, గట్టిమాట లేకయే, నిరపరాధిచేత నేరము ఒప్పించుట సాధ్యము.

షికాగో నగరమున పోలీసు ఉద్యోగము చేసి, అసత్యశోధక యంత్రమున నిపుణుడైన జాన్ రీడ్, ఫ్రెడ్ ఇన్బావ్ అను న్యాయశాస్త్రాచార్యునితో కలిసి 1962లో ప్రకటించిన గ్రంథము అమెరికాలోని ఠాణాలకు పాఠ్యపుస్తకమైనది. మొదట అనుమానితుని కూర్చుండు తీరును, చూపును పరిశీలించి అతడు అబద్ధమాడుచున్నాడని నిశ్చయించుకొనవలెను; పిమ్మట చిన్న గదిలో ఒంటరిగా ఉంచి, నీవే చేసితివని నిస్సంశయముగా చెప్పి, అతడు కాదనబోయినప్పుడెల్ల మాట పూర్తికానీయక, సానుభూతితో దగ్గరకు జరిగి, ముందే పథకము వేసి చేసితివా లేక ఆవేశమున జరిగిపోయినదా అని రెండు దారులు చూపవలెను. ఏ దారి ఎన్నుకొన్నను అది ఒప్పుకోలే. ఈ పద్ధతికి కీర్తి తెచ్చిన తొలి కేసులలో 1955లో నెబ్రాస్కా రాష్ట్రమున భార్య హత్యకు గురియైన ఒక యువకునిచేత రీడ్ నేరము ఒప్పించినది ఒకటి. మరునాడే అతడు ఆ మాటను ఉపసంహరించుకొనినను యావజ్జీవ శిక్ష పడినది. హంతకుడు వేరొకడని తరువాత వెల్లడియై, 2012లో ఆ రాష్ట్రము, అప్పటికి వృద్ధుడైన ఆయనకు క్షమాపణ చెప్పినది.

మూలమందలి పొరపాటు మొదటి మెట్టునందే ఉన్నది. ఎదుటివాడు అబద్ధమాడుచున్నాడో లేదో తీరును బట్టి చెప్పగల శక్తి మనుష్యులకు ఎంత కలదని చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో వందలాది పరిశోధనల ఫలితములను కూర్చి 2006లో గణింపగా, నూటికి 54 మాత్రమే సరియైనవని తేలెను. నాణెము ఎగురవేసి చెప్పినను 50 సరిపడును. పోలీసులు ఇతరులకన్న మెరుగుకాదు. వారి ఆత్మవిశ్వాసము మాత్రము అధికము. చేతులు వణకుట, చూపు దించుట, గొంతు తడియారుట అను లక్షణములు ఠాణాలో అడుగిడిన నిరపరాధికిని సహజములే. మన సమాజమున పెద్దల ఎదుట కన్నులు దించుకొని నిలుచుండుట మర్యాద. దానిని దోషమునకు గుర్తుగా గ్రహించు అధికారి ఆదిలోనే దారి తప్పును.

సాల్ కాసిన్ 1996లో చేసిన ప్రయోగము ఈ సందర్భమున తలచదగినది. కంప్యూటరుపై అక్షరములు కొట్టుచుండిన విద్యార్థులను, ఫలానా మీట నొక్కవలదని హెచ్చరించియుండియు, నొక్కి యంత్రమును పాడుచేసితిరని ఆరోపించిరి. ఎవ్వరును దానిని నొక్కలేదు. అయినను 69 శాతము తప్పు ఒప్పుకొనుచు సంతకము చేసిరి. పని వేగముగా సాగుచుండి, నొక్కుట నేను చూచితినని మరియొకరు అబద్ధసాక్ష్యము చెప్పినప్పుడు అందరును సంతకము చేసిరి. వారిలో 65 శాతము నిజముగానే తాము నొక్కితిమని నమ్మిరి, 35 శాతము ఎట్లు నొక్కిరో వివరములను కూడ కల్పించి చెప్పిరి. లేని సాక్ష్యము ఉన్నదని చెప్పుటను అమెరికా సుప్రీంకోర్టు 1969నుండి సహించుచున్నదన్న సంగతితో కలిపి దీనిని చదువవలెను. ఐస్లండులో 1974లో ఇరువురు అదృశ్యులైన కేసున యువకులును ఒక యువతియు సుదీర్ఘమైన ఏకాంత నిర్బంధమున పదేపదే ప్రశ్నింపబడి, శవములుగాని ఇతర భౌతిక సాక్ష్యముగాని లేకయే, తమ జ్ఞాపకముపై తమకే నమ్మకము సడలి నేరము ఒప్పుకొనిరి. ఆ దేశమున యౌవనమున పోలీసు ఉద్యోగము చేసి, పిమ్మట లండనులో మనశ్శాస్త్రాచార్యుడైన గిస్లీ గుడ్యోన్‌సన్ ఈ స్థితినే స్వస్మృతిపై అవిశ్వాసమని వర్ణించి, ప్రశ్నకు ఎవరెంత లొంగుదురో కొలుచు మానమును 1984లో నిర్మించెను. 2018లో ఐస్లండు సుప్రీంకోర్టు హత్యాభియోగమునుండి ఐదుగురిని నిర్దోషులుగా ప్రకటించినది.

బాలురును, బుద్ధిమాంద్యము గలవారును అందరికన్న త్వరగా లొంగుదురు. 1972లో లండనున ఒక ఇల్లు తగులబడి అందు శవము దొరకగా, ముగ్గురు కుర్రవాండ్రు నేరము ఒప్పుకొనిరి. అందొకనికి 18 ఏండ్లున్నను మనోవయస్సు ఎనిమిదే. మూడేండ్ల తరువాత వారు నిర్దోషులని తేలుటతో మొదలైన విచారణల ఫలితముగా 1984లో ఇంగ్లండున కొత్త చట్టము వచ్చి, ప్రశ్నలు టేపుపైకి ఎక్కినవి. ఆ టేపులే కనువిప్పు కలిగించినవి. జాన్ బాల్డ్విన్ 600 విచారణలను పరిశీలించి 1990 దశకారంభమున ప్రకటించినదేమనగా, ఒప్పుకొనువారు మొదటినుండియు ఒప్పుకొనుచున్నారు, కాదనువారు తుదివరకు కాదనుచున్నారు. అధికారి చాతుర్యమునకు లొంగి మధ్యలో మాట మార్చినవారు బహు స్వల్పము. నేరాంగీకారమును రాబట్టు కళ యని పోలీసులు గర్వించినది ఆచరణలో దాదాపు లేదు. 1992నుండి ఇంగ్లండు, వేల్సులలోని పోలీసులకు నేర్పబడిన కొత్త పద్ధతి ఒప్పుకోలును లక్ష్యముగా పెట్టుకొనదు: ముందుగా కేసును క్షుణ్ణముగా చదివి, ఎదుటివానికి ఏమి జరుగబోవుచున్నదో వివరించి, అతని వృత్తాంతమును అడ్డురాక తుదివరకు విని, అటుపిమ్మట పొసగని చోట్లను అతని ఎదుట పెట్టి బదులు కోరుటయే అందలి సారము.

ఇట్టి మెత్తదనము దోషులను వదలివేయదా యని అడుగువారు కలరు, న్యాయమైన ప్రశ్నయే. స్వీడన్‌లో మరియా హార్ట్‌విగ్, పేర్ ఆండర్స్ గ్రాన్‌హాగ్ మున్నగువారు 2006లో పోలీసు శిక్షణాలయమున 82 మంది అభ్యర్థులతో దీనిని పరీక్షించిరి. పరీక్షకై కూర్చుండబెట్టిన వారిలో కొందరు ఒక చేతిపెట్టెనుండి పర్సును దొంగిలించినవారు, కొందరు ఏదియో వెదకుచు ఆ పెట్టెను ఊరక కదపినవారు. ఇరు తెగలవారి వ్రేలిముద్రలును దానిపై ఉన్నవి. సగము మంది అభ్యర్థులు తమకు తోచినట్లు ప్రశ్నించిరి. తక్కినవారికి వ్రేలిముద్రల సంగతిని మొదటనే వెల్లడింపక, ఆనాడు ఏమి చేసితివో అంతయు చెప్పుమని విని, పెట్టెను గూర్చి సాధారణముగా అడిగి, చివరకు గాని ఆ సాక్ష్యమును బయటపెట్టవలదని నేర్పిరి. నిరపరాధి దాచుటకు ఏమియు లేనివాడు గాన పెట్టెను ముట్టితినని తానే చెప్పెను. దోషి ఆ చోటినే తప్పించి కథ చెప్పెను, చివర వ్రేలిముద్ర బయటపడినప్పుడు రెండును పొసగకపోయెను. శిక్షణ లేనివారి నిర్ణయములు 56 శాతము సరికాగా, శిక్షణ పొందినవారివి 85 శాతము సరియైనవి. పైనుదహరించిన 54తో పోల్చిచూచిన ఈ ఆధిక్యమునకు మూలము ముఖమును చదువు నేర్పు కాదు. అనుమానితుని పిలుచుటకు ముందే ఆ పెట్టెపైని వ్రేలిముద్రలను ఎవరో ఓపికతో సేకరించియుండుటయు, అడుగువాడు తనకు తెలిసినదానిని చివరవరకు పెదవి దాటనీయకుండుటయు.